‘లేదు’ అనడానికి అర్హత: అనుపలబ్ధి విచారం



ప్రమాణాలు ఎన్ని అన్న ప్రశ్నకు దర్శనకారులందరూ ఒకే సమాధానం చెప్పలేదు. చార్వాకులకు ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం. సాంఖ్యులు ప్రత్యక్షం, అనుమానం, ఆప్తవచనం అనే మూడింటితో తృప్తి చెందారు. నైయాయికులు ఉపమానాన్ని చేర్చి నాలుగన్నారు. ప్రాభాకరులు అర్థాపత్తితో అయిదన్నారు. కుమారిలభట్టు మతానుయాయులు, వ్యవహారదశలో వారి మార్గాన్నే అనుసరించే అద్వైతులు ఆరవదానిని కూడా అంగీకరించారు. దాని పేరు అనుపలబ్ధి. ఉపలబ్ధి అంటే జ్ఞానానికి గోచరించడం. ఆ గోచరించకపోవడమే అనుపలబ్ధి. పీట మీద చెంబు కనబడలేదు గనుక పీట మీద చెంబు లేదు అనే జ్ఞానం ఈ ప్రమాణం వల్ల కలుగుతుంది.

ఇక్కడ ఆచార్యులు ఒక విశేషణాన్ని జోడించారు. ఆ విశేషణం లేకపోతే ఈ ప్రమాణం ప్రమాదకరం. అది ‘యోగ్య’ అనే మాట. చీకటి గదిలో చెంబు కనబడలేదని చెంబు లేదనరాదు. దీపం వెలుగుతున్నది, కన్ను ఆరోగ్యంగా ఉన్నది, మనస్సు అక్కడే ఉన్నది, అడ్డు ఏదీ లేదు. ఇన్ని ఉండి కూడా చెంబు కనబడకపోతే, అప్పుడు మాత్రమే లేదు అనే నిశ్చయానికి అర్హత కలుగుతుంది. ఉన్నట్లయితే కనబడి తీరవలసిన పరిస్థితిలో కనబడకపోవడమే యోగ్యానుపలబ్ధి. ధర్మరాజాధ్వరీంద్రులు వేదాంతపరిభాషలో దీనికి ఒక ప్రకరణమే కేటాయించారు. పాఠశాలలో విద్యార్థులు ఈ భాగాన్ని త్వరగా వల్లె వేస్తారు. లోకవ్యవహారంలో దీనిని పాటించేవారు మాత్రం అరుదు.

ఈ కాలంలో ‘లేదు’ అనే మాట మానవుని ముఖం నుండి వచ్చినంత తరచుగా కంప్యూటర్ తెర నుండి కూడా వస్తున్నది. కోరిన యంత్రం కనబడలేదు, కోరిన మార్గం దొరకలేదు అని తెర చెబుతుంది. చదివినవారు ‘దొరకలేదు’ అన్నదానిని ‘లేదు’గా గ్రహిస్తారు. ఆ రెండింటి మధ్యగల అంతరం ఎంతటిదో చోడవరంలోని ఒక చిన్న కార్యాలయంలో జరిగిన వృత్తాంతం వల్ల స్పష్టమవుతుంది.

వృత్తాంతానికి ముందు నామానికీ స్థానానికీ గల సంబంధాన్ని కొంత పరిశీలించాలి. దానికి చోడవరమే మంచి దృష్టాంతం. తరతరాలుగా విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఆనాడు ఊరు అంగుళమైనా కదలలేదు. చెరకు బళ్ళు గోవాడ పంచదార మిల్లుకు పాత దారినే నడిచాయి. స్వయంభూ విఘ్నేశ్వరస్వామి తన స్థానంలోనే ఉన్నాడు. మారినది చిరునామాలోని ఒక పంక్తి మాత్రమే. పాత పద్ధతిలో విశాఖపట్నం జిల్లా అని వ్రాసిన ఉత్తరం ఈనాటికీ చేరుతుంది, ఎందుకంటే తపాలావానికి ఊరు తెలుసు. అక్షరం తప్పినా అతడు భావాన్ని పట్టుకుంటాడు. యంత్రానికి ఆ సౌలభ్యం లేదు. వ్రాసి ఇచ్చిన చిరునామా ఎక్కడికి తీసుకుపోతే అక్కడికే పోతుంది.

కంప్యూటర్ల విషయంలో ఇది తిరగబడి ఉంటుంది. పేరు అలాగే ఉంటుంది, స్థానం మారుతుంది. కార్యాలయంలోని ప్రతి యంత్రానికీ మనుష్యులు పిలుచుకునే పేరు ఒకటి, యంత్రాలు పరస్పరం గుర్తించే అంకెల చిరునామా మరొకటి ఉంటాయి. 192.168.1.4 వంటి ఆ అంకెను ఐపీ చిరునామా అంటారు. సాధారణంగా దానిని రౌటర్ పంచిపెడుతుంది. ఇచ్చిన అంకె శాశ్వతం కాదు, అద్దె ఇంటి వంటిది. గడువు తీరితే మారవచ్చు. కరెంటు పోయి వచ్చినప్పుడు ముందుగా మేల్కొని అడిగిన యంత్రానికి ఒకరి పాత ఇల్లు మరొకరికి దక్కవచ్చు. పేరు విని అంకె చెప్పే ప్రక్రియకు నామనిర్ణయం అనే మాట సరిపోతుంది. పద-పదార్థ సంబంధం నిత్యమని మీమాంసకులు, సంకేతకృతమని నైయాయికులు శతాబ్దాలుగా వాదించుకున్నారు. వేదశబ్దాల సంగతి ఎలా ఉన్నా, కంప్యూటర్ పేర్ల విషయంలో నైయాయికులదే గెలుపు. ఇక్కడ సంబంధం కేవలం సంకేతం. ఎక్కడో ఎవరో వ్రాసి పెట్టడం వల్లనే అది నిలుస్తుంది.

ఇక వృత్తాంతం. ఆ కార్యాలయంలో నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక రౌటర్ ఉన్నాయి. లోపలి గదిలోని కంప్యూటర్ పేరు ‘ఖాతా’. సంవత్సరం పొడుగునా వసూలైన సొమ్ము లెక్కలన్నీ అందులోనే ఉంటాయి. ముందు వసారాలోని రెండు యంత్రాల నుండి దానిని పేరుతో పిలిచి తెరుస్తారు. మూడవది ఉత్తరాలు టైపు చేయడానికి మాత్రమే. ఒక వేసవి రాత్రి ఈదురుగాలి, పిడుగులు, వాన. కరెంటు పోయి వచ్చింది. తెల్లవారి ముందు యంత్రంలో ‘ఖాతా’ను పిలిస్తే మార్గం దొరకలేదని తెర చెప్పింది. రెండవ యంత్రమూ అదే చెప్పింది. అధికారి గదికి తాళం; ఆయన అనకాపల్లి వెళ్ళారు, మధ్యాహ్నానికి గాని రారు. రసీదుల కోసం వచ్చినవారు అరుగు మీద కూర్చున్నారు.

క్రిందటి సాయంకాలం చివరిగా ఆ లెక్కలు తెరిచింది రెండు నెలల క్రితం ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి. ఎవరూ ఆమెను ముఖాముఖి నిందించలేదు. వృద్ధ గుమాస్తా మాత్రం, “లెక్కలు లేవు. ఎవరో తీసేసినారు” అన్నాడు. ఎవరో అన్న మాట గదిలో ఉన్న నలుగురిలో ఎవరి మీద వాలవలసి ఉన్నదో అందరికీ తెలుసు. ఆమె తన కుర్చీలో కూర్చుని నిన్న చేసిన ప్రతి పనినీ వ్రేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఉండిపోయింది. అనుపలబ్ధిలో యోగ్యతను పరీక్షించకపోతే కలిగే దోషం గ్రంథంలో మిగిలిపోయేది కాదు. అది ఒక మనిషి మీద పడుతుంది.

కంప్యూటర్లు బాగుచేసే యువకుడు వచ్చాడు. అతడు తర్కశాస్త్రం చదివినవాడు కాడు. అయినా అతని మొదటి ప్రశ్న తార్కికునికి తగినది. “పేరు పెట్టి పిలిస్తే లేదంటున్నదా, నెంబరు పెట్టి పిలిచినా లేదంటున్నదా?” ఎవరికీ తెలియదు. నెంబరు అనేది ఒకటున్నదనే వారు ఎరుగరు.

ఆ ప్రశ్న విలువ ఇది. పేరుతో పిలిచినా అంకెతో పిలిచినా పలకకపోతే దోషం దారిలో ఉన్నది, లేదా వస్తువులో ఉన్నది. అంకెకు పలికి పేరుకు పలకకపోతే వస్తువు క్షేమం, దారి క్షేమం, నామసంబంధం ఒక్కటే చెడింది. ఇది అన్వయ వ్యతిరేకాలతో దోషస్థానాన్ని వేరుచేయడం. నెట్‌వర్క్ చిక్కులలో సగం ఈ ఒక్క ప్రశ్నతో విడిపోతాయి.

ఉన్న వస్తువు ఎందుకు కనబడదు అనే విషయాన్ని ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలలో ఏడవదానిలో ఎనిమిది హేతువులుగా విభజించి చెప్పాడు. అవి అతిదూరం, అతిసామీప్యం, ఇంద్రియఘాతం, మనస్సు నిలకడ లేకపోవడం, సూక్ష్మత్వం, వ్యవధానం, అభిభవం, సమానాభిహారం. ఈ ఎనిమిదీ కార్యాలయపు నెట్‌వర్క్‌లో ఒక్కొక్కటిగా దర్శనమిస్తాయి.

అతిదూరానికి లోకంలో ఆకాశంలో చాలా ఎత్తున ఎగిరే పక్షి ఉదాహరణ. చిన్న కార్యాలయాలలో యంత్రాలు ‘ఖాతా ఎవరు?’ అని ఒకే కేక వేసి వెతుక్కుంటాయి. ఆ కేక రౌటర్ దాటి ఆవలి నెట్‌వర్క్‌కు పోదు. అతిథుల కోసం వేరుచేసిన వైఫైలో చేరిన యంత్రానికి పక్క బల్ల మీది కంప్యూటర్ కూడా అతిదూరమే. అతిసామీప్యానికి కంటిలోని కాటుక ఉదాహరణ. యంత్రం తన లోపలే దాచుకున్న పాత సమాధానాన్ని చూసి బయట అడగడమే మానేస్తుంది. తనలో ఉన్నది గనుక దానిని ఎవరూ అనుమానించరు. ఇంద్రియఘాతం అంటే కేబుల్ తెగడం, స్విచ్‌లో దీపం ఆరిపోవడం. మనస్సు నిలకడ లేకపోవడం అంటే అడగవలసినవారిని అడగకపోవడం. కార్యాలయంలోని పేరును 8.8.8.8 వంటి జగద్విఖ్యాతమైన నామసేవక యంత్రాన్ని అడిగితే అది నిజాయితీగా లేదంటుంది. ప్రపంచంలోని పేర్లన్నీ కనుక్కోగల మహాపండితునికి ఎదురింటి పిల్లవాని ముద్దుపేరు తెలియనంత మాత్రాన ఆ పిల్లవాడు లేడనరాదు.

సూక్ష్మత్వం అక్షరదోషంలో ఉంటుంది. పాత విండోస్ పద్ధతిలో కంప్యూటర్ పేరుకు పదిహేను అక్షరాల పరిమితి. అంతకు మించినది తెగిపోతుంది. పదహారవ అక్షరం కోసం పిలిచేవాడు ఎప్పటికీ పిలుస్తూనే ఉంటాడు. వ్యవధానం అంటే గోడ. ఇక్కడ దాని పేరే ఫైర్‌వాల్. నమ్మదగిన సొంత నెట్‌వర్క్‌ను యంత్రం బహిరంగ స్థలమని పొరబడితే తలుపులు మూసుకుని పలకదు. అభిభవానికి పగటి నక్షత్రాలు ఉదాహరణ. బలమైన వెలుగు బలహీనమైనదానిని కప్పివేస్తుంది. సమానాభిహారానికి మినుముల రాశిలో పడిన మినపగింజ ఉదాహరణ. రెండు యంత్రాలకు ఒకే పేరు పెడితే పిలుపు ఎవరికి చేరిందో తెలియదు.

ఈ ఎనిమిదింటినీ పరిహరించిన తరువాత మాత్రమే ‘లేదు’ అనే మాటకు యోగ్యత వస్తుంది. ఆ ఉదయం కార్యాలయంలో ఒక్కదానిని కూడా ఎవరూ పరిహరించలేదు.

యువకుడు ముందు యంత్రం నుండి ‘ఖాతా’ను పేరుతో పిలిచి చూశాడు. దీనిని పింగ్ చేయడం అంటారు. ఆశ్చర్యంగా సమాధానం వచ్చింది. 192.168.1.4 నుండి నాలుగు సార్లు ఉన్నానన్నది. గుమాస్తా తల పంకించాడు. “చూశావా బాబూ, మిషను ఉన్నది, పలుకుతున్నది. లెక్కలే పోయాయి.” ఆ క్షణంలో అమ్మాయికి ఉన్న చివరి ఆధారమూ జారిపోయింది. అనుపలబ్ధి కంటె ప్రమాదకరమైనది ఇది. లేదన్న మాట మీద కొంత అనుమానం పెట్టుకోవచ్చు. ఉన్నానని సమాధానం వచ్చినప్పుడు, పలికినది తాను పిలిచినదేనా అని అడిగేవారు ఎందరు?

యువకుడు మూడవ యంత్రం వద్దకు వెళ్ళాడు. ఉత్తరాలు టైపు చేసే ఆ యంత్రం నుండి ఉదయమంతా ఎవరూ ప్రయత్నించలేదు. అక్కడి నుండి అదే పేరును పిలిచాడు. సమాధానం వచ్చింది, కాని 192.168.1.7 నుండి. ఒక పేరుకు రెండు ఇళ్ళు. ఆ ఏడవ అంకెతో తెరిస్తే సంవత్సరం లెక్కలన్నీ నిన్నటి సాయంకాలం వరకు ఒక్క పంక్తి తప్పకుండా ఉన్నాయి. చివరి నమోదు ఆ అమ్మాయిదే. అధికారి గది తాళం ఇంకా తీయనేలేదు.

మరి నాలుగవ అంకె నుండి పలికినది ఎవరు? బ్రౌజర్‌లో ఆ అంకెను కొట్టి చూస్తే సిరా ఎంత మిగిలిందో చూపించే పుట తెరుచుకుంది. అది ప్రింటర్. రాత్రి కరెంటు వచ్చినప్పుడు ప్రింటర్ ముందుగా మేల్కొని, అంతకుముందు ‘ఖాతా’ ఉన్న ఇంటిలో అద్దెకు దిగింది. పిలిచినది ఖాతాను, పలికినది ప్రింటర్. రజ్జువు మీద సర్పాన్ని చూడడం వంటిదే ఇది. ఆచార్య శంకరులు అధ్యాసకు చెప్పిన లక్షణం దీనికి చక్కగా అన్వయిస్తుంది. ఇతరమైనదాని యందు ఇతరమైనదాని బుద్ధి. సర్పం నిజం కాదు, రజ్జువు నిజం. దీపం తెచ్చేవరకు మాత్రం భయం నిజం.

ఒకే కార్యాలయంలో మూడవ యంత్రానికి నిజం తెలిసి, మొదటి రెండింటికీ తెలియకపోవడానికి కారణం వాటి లోపలి ఒక చిన్న పత్రం. దాని పేరు హోస్ట్స్ ఫైలు. ఏనాడో ఎవరో సదుద్దేశంతోనే ‘ఖాతా అంటే 192.168.1.4’ అని ఆ రెండు యంత్రాలలో ఒక పంక్తి వ్రాసి ఉంచారు. వ్రాసిన రోజున అది సత్యమే. ఆ పంక్తి ఉన్నంతవరకు యంత్రం బయట ఎవరినీ అడగదు. లోపలి వ్రాత బయటి సమాధానాన్ని కప్పివేస్తుంది. ఈశ్వరకృష్ణుడు చెప్పిన అభిభవం ఇదే. కాటుక వంటి అతిసామీప్యమూ ఇందులో కలిసింది. మూడవ యంత్రంలో ఆ పంక్తి లేదు. అందువల్ల అది కేక వేసింది, అసలు ఖాతా పలికింది.

ఈ హోస్ట్స్ ఫైలు ఒక పూర్వయుగపు అవశేషం. అంతర్జాలానికి ముందు తరమైన ఆర్పానెట్‌లో ఉన్న యంత్రాలు కొన్ని వందలు. వాటన్నిటి పేర్లు, అంకెలు ఒకే పట్టికలో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనాసంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వంలోని బృందం ఆ పట్టికను నిర్వహించేది. ప్రతి కేంద్రమూ దాని నకలు తెచ్చుకునేది. ఊరి కరణం ఒక్క పుస్తకంలో ఊరందరి భూములూ వ్రాసి ఉంచిన పద్ధతి అది. యంత్రాలు పెరిగేకొద్దీ, నకలు చేరేలోగానే అసలు పాతబడసాగింది. అప్పుడు 1983లో పాల్ మోకాపెట్రిస్ డీఎన్‌ఎస్ అనే వికేంద్రీకృతమైన నామవ్యవస్థను రూపొందించాడు. 1987లో ప్రకటితమైన దాని లక్షణపత్రాలు నేటికీ ఆధారం.

ఈ వ్యవస్థ మూలంలో ఉన్నవారు అన్నీ తెలిసినవారు కారు. ఏ నుండి ఎం వరకు పదమూడు అక్షరాల పేర్లతో ఉన్న మూలసేవక వ్యవస్థలను ఒక పేరు అడిగితే, అవి అంకె చెప్పవు. ఆ వర్గం తెలిసినవారి చిరునామా చెబుతాయి. వారు మరొకరిని చూపుతారు. చివరకు ఆ పేరుకు అధికారం కలవారు సమాధానమిస్తారు. ఛాందోగ్యం అయిదవ అధ్యాయంలో ప్రాచీనశాలుడు మొదలైన అయిదుగురు మహాగృహస్థులు వైశ్వానరాత్మను తెలుసుకోవడానికి ఉద్దాలక ఆరుణి వద్దకు వెళతారు. ఆయన తాను సంపూర్ణంగా చెప్పలేనని గ్రహించి, కేకయరాజైన అశ్వపతి ఎరిగినవాడని చెప్పి, వారితోపాటు తానూ శిష్యుడై బయలుదేరుతాడు. తెలియనిచోట లేదనకుండా తెలిసినవారిని చూపించడం ఆ మహర్షి గొప్పదనం. ముందుగదిలోని ఆ రెండు యంత్రాలకు కొరవడినది ఇదే. అవి అడగడం మానివేశాయి.

డీఎన్‌ఎస్‌లో నిరాశాజనకమైన సమాధానాలు మూడు విధాలు. అధికారం కలవాడు ఆ పేరు లేదని చెప్పడం ఒకటి. నేను చెప్పలేకపోతున్నానని అనడం రెండవది. ఏ సమాధానమూ రాకపోవడం మూడవది. మొదటిది ఆప్తవాక్యం, దానిని అంగీకరించాలి. మిగిలిన రెండూ అభావానికి సాక్ష్యాలు కావు. కాని సామాన్యుని తెర మీద మూడూ దాదాపు ఒకే మాటలతో కనబడతాయి. సాంకేతికులు విడివిడిగా చూడగలిగినది లోకులకు ఒకటే ‘లేదు’గా వినబడుతుంది.

ఇంతకంటె లోతైన విషయం మరొకటి ఉన్నది. లేదన్న సమాధానాన్ని కూడా యంత్రాలు జ్ఞాపకం పెట్టుకుంటాయి. ఒక పేరు ఇంకా నమోదు కాకముందే తొందరపడి అడిగితే, మధ్యనున్న నామసేవకుడు ‘లేదు’ను దాచుకుంటాడు. తరువాత పేరు నమోదైనా, కొంతసేపు అడిగినవారందరికీ పాత ‘లేదు’నే అందిస్తాడు. 1998లో ఈ నియమాన్ని స్పష్టపరచినప్పుడు ఒక వివేకాన్ని చేర్చారు. ప్రతి ‘లేదు’కూ ఆయుఃప్రమాణం ఉండాలి. గడువు తీరగానే దానిని మరచిపోయి మళ్ళీ అడగాలి. అందుకే పేరు వ్రాయకముందే అడగవద్దని, వ్రాసిన తరువాత కూడా కనబడకపోతే జ్ఞాపకాన్ని తుడిచి మళ్ళీ అడగమని ఆ వృత్తిలోని పెద్దలు చెబుతారు.

కార్యాలయంలో యువకుడు చేసిన పరిహారం చాలా చిన్నది. రెండు యంత్రాలలో పాత పంక్తి చెరిపివేశాడు. నామస్మృతిని తుడిచాడు. ‘ఖాతా’ యంత్రానికి ఎల్లప్పుడూ ఒకే అంకె ఇచ్చేలా రౌటర్‌లో నియమించాడు. ప్రింటర్‌కు మరొక అంకె నియమించాడు. ఏ యంత్రానికి ఏ అంకో ఒక కాగితం మీద వ్రాసి రౌటర్ పక్కన గోడకు అంటించాడు. ముందు యంత్రం ఒక్క పిలుపుతో ఖాతాను తెరిచింది. అరుగు మీద వేచి ఉన్నవారికి రసీదులు అందాయి.

గదిలోని మనుష్యుల విషయం అంత త్వరగా తేలలేదు. లెక్కలు పోలేదని కళ్ళారా చూసిన తరువాత కూడా గుమాస్తా ఆ అమ్మాయితో మాట్లాడేటప్పుడు చూపు పక్కకు తిప్పుకున్నాడు. భోజనాల వేళ ఎవరూ ఆమెను పిలవలేదు. వారిలో ద్వేషం లేదు. ఉదయం ‘లేదు’ అనుకున్నప్పుడు దాని వెంట ‘ఈమె తీసివేసింది’ అనే మరొక వ్రాత కూడా పడింది. మొదటిది చెరిగింది. రెండవది ఎక్కడ వ్రాయబడిందో వారికే తెలియదు. యంత్రపు ‘లేదు’కు గడువు ఉన్నది. మనిషి ‘లేదు’కు ఎవరూ గడువు వ్రాయలేదు. శాస్త్రం దీనినే సంస్కారమని, వాసన అని పిలుస్తుంది. ఏనాటి అనుభవమో నేటి చూపును కప్పివేస్తుంది. హోస్ట్స్ ఫైలులోని పంక్తి వలె, అది ఉన్నంతవరకు చిత్తం బయట అడగదు.

సాయంకాలం ఇంటికి వెళ్ళే ముందు గుమాస్తా ఆమె బల్ల దగ్గర ఆగి, “అమ్మా, పొద్దున్న నేను అన్నమాట అనకూడనిది. చూడకుండా అన్నాను” అన్నాడు. ఆమె తల ఊపింది. గోడ మీది కాగితం అంటించినంత సులభమైన పని కాదది. అరవై ఏళ్ళ మనిషి తన లోపలి పంక్తిని తన చేతితో చెరిపిన పని. ఆ దినాన ఆ కార్యాలయంలో జరిగిన మరమ్మతులలో పెద్దది అదే.

ఈ న్యాయం సాధకునికి రెండు వైపులా ఉపయోగిస్తుంది. ఎంత జపించినా ఏమీ కనబడలేదు, కనుక ఏమీ లేదు అని నిరాశపడేవారు ముందు యోగ్యతను పరీక్షించుకోవాలి. దారి తెగిందా, మనస్సు మరొకచోట ఉన్నదా, అడ్డుగోడ ఉన్నదా, పాత అభిప్రాయం కప్పుతున్నదా అని చూడాలి. ఛాందోగ్యంలో శ్వేతకేతువు రాత్రి నీటిలో వేసిన ఉప్పును ఉదయం చేతితో తడిమితే దొరకలేదు. తండ్రి దానిని పైన, మధ్యన, అడుగున రుచి చూడమన్నాడు. స్పర్శకు దొరకనిది రసనకు దొరికింది. ప్రధానం గోచరించకపోవడానికి సూక్ష్మత్వం కారణం గాని అభావం కాదని, కార్యాల వల్ల అది తెలుస్తుందని సాంఖ్యాచార్యుడు ఎనిమిదవ కారికలో చెప్పినదీ ఈ మార్గమే.

రెండవ వైపు కూడా అంతే ముఖ్యం. ఈ న్యాయాన్ని అడ్డం పెట్టుకుని లేనివన్నీ ఉన్నాయని వాదించరాదు. దీపం వెలిగించి, కన్ను తుడుచుకుని, అడ్డు తొలగించి చూసినా పీట మీద చెంబు కనబడకపోతే చెంబు లేదు. ఆ జ్ఞానం ప్రమాణజన్యం. దానిని ధైర్యంగా అంగీకరించాలి. పలికినదల్లా దైవమే అనుకోవడం కూడా పొరపాటే. ప్రింటర్ కూడా నాలుగుసార్లు పలికింది. పలికినవారు ఎవరో విచారించకుండా నమస్కరించడం భక్తి కాదు, తొందర.

చోడవరం విఘ్నేశ్వరుని దర్శనానికి వచ్చేవారికి స్వామి తొండపు కొన కనబడదు. అది ఊరిలోని కోనేటి వరకు వ్యాపించి ఉన్నదని భక్తులు చెప్పుకుంటారు. కొన కనబడలేదని కొన లేదనేవారు ఆ ఊరిలో కనబడరు. అదే ఓర్మి పక్కన కూర్చున్న మనిషి విషయంలోనూ ఉండాలి. వస్తువు కనబడనప్పుడు, ఫైలు దొరకనప్పుడు, ఒకరి మంచితనం కంటికి ఆననప్పుడు, నోట లేదు అన్న మాట రాకముందు సాధకుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అడగవలసినవారినే అడిగానా? పలికినది పిలిచినదేనా? నా లోపల పాత పంక్తి ఏదైనా ఉన్నదా? ఈ మూడింటికీ సమాధానం దొరికేవరకు ‘ఇంకా దొరకలేదు’ అనే మాట చాలు.

సర్వం శ్రీ విఘ్నేశ్వరార్పణమస్తు.